మంగకాయ నింద

మృగశిర కార్తె మొదలయ్యే మిర్గం దాటిన మూడోనాడు మైసయ్య వలను బాలయ్య ఇంటి దూలానికి కట్టేశారు.

కట్టింది బాలయ్యే. కులానికి ఆయన పెద్ద. మైసయ్య భార్య యాదలక్ష్మికి పెద్దబాపు, అంటే తండ్రికి అన్న కూడా. విసురు వలను నాలుగు మడతలు పెట్టి, అంచు గుండ్లు లోపలికి పోయేలా చుట్టి, పచ్చి ఈతనారతో మూడు ముళ్లు వేసి, వాడలోని ఇరవై రెండు ఇండ్లవాళ్లు చూస్తుండగా పైకి వేలాడదీశాడు. నాగిళ్లపల్లె ముదిరాజుల్లో దాన్ని మించిన శిక్ష లేదు. వాళ్లు కొట్టరు, ఊరి నుంచి తరమరు. వల కట్టేస్తారు, అంతే. ఇక ఆ మనిషి కుంటలో మోకాటి లోతు దాటి దిగకూడదు. ఇంకొకరి వలకు చెయ్యి సాయం పట్టకూడదు. కుంట ఎండే కాలంలో అందరూ కలిసి పట్టి పంచుకునే చేపల్లో అతని ఇంటికి పాలు ఉండదు. నిజం తేలేదాకా అట్లాగే. తేలకపోతే చచ్చేదాకా.

అతని మీద పడింది మంగకాయ నింద. గుట్టల మీద ముళ్లతో పెరిగే మంగచెట్టు కాయలను దంచి నీళ్లలో కలిపితే తెల్లటి నురుగు లేస్తుంది. ఆ నురుగు పాకినంత మేర చేపలకు ఊపిరాడక పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. వల అక్కర్లేదు, చేత్తో ఏరుకోవచ్చు. ఆ చేపలు తిన్న మనిషికి ఏమీ కాదు. కానీ మంగకాయకు పెద్ద చేప, పిల్ల చేప అన్న తేడా లేదు. అందరి కూడు ఒకడు ఒక్క పూటలో ఎత్తుకుపోయినట్టే. అందుకే కులం ఆ తప్పును మన్నించదు.

ఇది 1959 నాటి సంగతి. మిర్గానికి ముందురోజు పొద్దున కుంట పడమటి ఒడ్డు పొడుగునా నురుగు, నురుగులో తెల్లగా తిరగబడిన చేపలు. మిర్గం నాడు చేప తినని ఇల్లు ఊళ్లో ఉండదు. ముదిరాజులకు ఏడాది మొత్తంలో చేతినిండా బేరం దొరికేది ఆ రోజే. బేరం ముందే కొట్టుకుందామని ఎవడో మంగకాయ కలిపాడని వాడంతా అనుకుంది. అంతలో మైసయ్య ఇంటి కప్పు మీద చాటెడు మంగకాయలు ఎండుతూ కనిపించాయి.

"గీ కాయలేంది మైసిగా?" అని కులం కూర్చున్నప్పుడు బాలయ్య అడిగాడు.

"కందుల గుమ్మిల వెయ్యనీకి మామా. పురుగు వట్టకుంట. నీ బిడ్డనే తెచ్చింది గుట్టకెల్లి."

"ఏటేటా తెస్త పెద్దబాపూ," అంది యాదలక్ష్మి. "పోయినేడు మీ గుమ్మిలకు గూడ నేనే ఇస్తి."

"ఇయ్యలేదన్ననా? గుమ్మిల వేసెటోడు కుంటల వెయ్యడా అని అడుగుతున్న."

వెనక ఎవరో నవ్వారు. మైసయ్య నవ్వినవాళ్ల వైపు చూడలేదు.

"మంగకాయ తాగిన చేపను మంచినీళ్లల్ల ఏస్తే తేరుకుంటది మామా. మీకు తెల్వంది గాదు. చేపలు తేలిన పొద్దుగాలనే నేను నాలుగు చిన్న పరకల్ని బాయి నీళ్లల్ల ఏసి చూసిన. ఒక్కటి గూడ లేవలే. ఇది మంగకాయ గాదు. బతికున్న చేప ఒక్కటుంటే తేండ్రి, మీ ముంగట్నే చూపిస్త."

బతికున్న చేప ఎక్కడిది? తేలినవన్నీ అప్పటికే కూరకుండల్లో ఉడికిపోయాయి. కూర సబ్బు వాసన వేస్తోందని ఇంటింటా గొణుక్కుంటూనే, మిర్గం నాడు చేప మానితే ఎట్లా అని తిన్నారు. తిన్నవాళ్లే ఇప్పుడు తీర్పు చెప్పడానికి కూర్చున్నారు.

మైసయ్యకు అప్పుడు ముప్పై నాలుగేండ్లు. తండ్రి కాలంలో ఆ కుంట దొరది. పట్టిన చేప పట్టినట్టు దొర ఉండే గడికి మొయ్యాలి. ఒక్క కొర్రమట్టను పంచె కుచ్చిళ్లలో దాచుకున్నందుకు తండ్రిని గడి ముందు ఎండలో ఒంటికాలి మీద నిలబెట్టడం మైసయ్య ఎనిమిదేండ్ల వయసులో చూశాడు. పెద్దయ్యాక, దొరల మీద సంఘం తిరగబడ్డ రోజుల్లో, చేపల గంప అడుగున సంఘం చీటీలు పెట్టుకుని ఊరూరా మోశాడు. పట్టుబడ్డాడు. దెబ్బలకు ఎడమ భుజం జారింది. తర్వాత ఎన్నడూ అతని వల గుండ్రంగా పడలేదు, ఒక పక్కకు సాగి పడేది. దొర పట్నం పోయి గడికి తాళం పడ్డాక కుంట కులానికి మిగిలింది. ఆ హక్కు ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. దానికోసం ఒళ్లు విరగ్గొట్టించుకున్న మనిషినే ఆ నీళ్లలో దిగొద్దని, దొర కాదు, సొంత కులమే చెప్పింది. అతన్ని కుంగదీసింది ఆ సంగతే. దొర మీదైతే కోపమన్నా తెచ్చుకోగలిగేవాడు.

నాగిళ్లపల్లె పోచంపల్లికి బండి మీద ఒక పూట ప్రయాణం. సగం ఊరు పద్మశాలీలు. పాతకాలంలో వాళ్లు నేసే రుమాళ్ల దారం రంగు పట్టాలంటే దానికి ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదనీళ్లు, నూనె, గొర్రెపెంట కలిపి ఇరవై రోజులు పిసికి నానబెట్టేవాళ్లు. ఆ పెంట గొర్రెలు కాసే కురుమ గుర్వయ్య మందది. పిసికిన నీళ్లు కుంటలోకే పోయేవి. దానివల్ల నాచు కాస్త ఎక్కువ పెరిగేది తప్ప చేపకు నష్టం రాలేదు.

1957లో కృష్ణయ్య అనే సావుకారి పడమటి ఒడ్డుకు ఎగువన అద్దకం షెడ్డు పెట్టాడు. అతనూ నేతవాడే, నలుగురికంటే కాస్త ముందు చూపున్నవాడు. మరుసటి ఏడు పట్నంలో మూతపడిన ఒక మిల్లు సామాను వేలం వేస్తే కొన్ని ఇనుప పీపాలు కొనుక్కొచ్చాడు. వాటిలో తేనెలా చిక్కటి మందు. తొట్టిలో రెండు గరిటెలు పోస్తే చాలు, దారం నీళ్లలో ముంచీ ముంచగానే నరనరానా తడిసి రంగు తాగుతుంది. ఇరవై రోజుల చాకిరీ రెండు రోజులకు తగ్గింది. పీపా మీది అక్షరాలు చదవగలవాడు ఊళ్లో లేడు. అది ఏమిటో, దేనితో చేశారో, కడిగాక ఎక్కడికి పోతుందో అడిగినవాడూ లేడు. నురుగొస్తుంది కాబట్టి నురుగు మందు అన్నారు. గొర్రెపెంట కొనడం ఆగిపోయింది.

వల లేని మైసయ్య ఆ ఏడు కూలికి పోయాడు. మరుసటి ఎండాకాలం గుర్వయ్య తన మందను మేపడానికి అమ్రాబాద్ అడవికి తోలుకుపోతూ అతన్ని వెంట పిలిచాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్లు.

"చేపలోడివి గొర్ల ఎనుక నడుస్తున్నవ్," అని గుర్వయ్య దారిలో వేళాకోళం చేసేవాడు. "గొర్రె మునిగితే వలేసి తీస్తవా తమ్మీ?"

"మునిగేటన్ని నీళ్లు యాడున్నయే నీ అడవిల? నాలుక తడవనీకి లేవు."

"అలవాటైతది. మా గొర్లు నిన్ను చూసి నవ్వుతలేవు గదా, మీ కులపోళ్ల లెక్క."

మైసయ్య రెండు నెలలు అడవిలోనే ఉన్నాడు. తొలివానలు పడ్డాక ఊరి పొలిమేరలోకి వచ్చేసరికి ఎదురొచ్చినవాళ్లు చెప్పారు, మిర్గానికి ముందు కుంటలో మళ్లీ చేపలు తేలాయని. బాధ కలగాల్సిన మాటకు అతని గుండె తేలికపడింది. తాను ఊళ్లో లేడు. ఇక తన మీద ఏం మోపుతారు? గొర్రెలను దొడ్డికి తోలి, కాళ్లు కూడా కడుక్కోకుండా బాలయ్య ఇంటికి పోయాడు.

బాలయ్య అంతా విని, తమలపాకు నములుతూ, "నువ్వు లేవు, సరే. నీ ఇంట్ల కాయలున్నయ్. నీ పెండ్లామున్నది," అన్నాడు.

"మామా, అది నీ తమ్ముని బిడ్డ."

"అందుకనే నోరు మూసుకొని కూసున్న. వేరేటోళ్లయితే ఇంకో ముడి ఏస్తుంటి."

మైసయ్య తల ఎత్తి దూలం వైపు చూశాడు. వల మీద దుమ్ము పట్టింది. ఏదో పురుగు గూడు కట్టింది. బాలయ్యకు నిజం అందక కాదు, తెలుసుకుంటే ముడి విప్పాల్సి వస్తుందనే భయమని మైసయ్యకు అప్పుడు అర్థమైంది. పెద్దరికం ఉన్నవాడికి ముడి వేయడం తేలిక. విప్పితే వేసిన చెయ్యి తప్పని పదిమందికీ తెలుస్తుంది.

ఇంటికి పోయి యాదలక్ష్మికి చెప్పాడు. జొన్నరొట్టె తిప్పుతూ, "నేనే ఏసిన అని ఒప్పుకుంట," అంది. "తెల్వక ఏసిన అంట. నీ వల నీకిస్తరు."

"నిన్నేమంటరు?"

"అననీ. ఇప్పుడు అంటలేరా?"

"వద్దు," అన్నాడు. రొట్టె ఒక పక్క మాడింది. ఇద్దరూ చూశారు గానీ ఎవరూ తీయలేదు.

మరునాడు పొద్దున అతను కుంటకు పోయాడు. మోకాటి లోతు దాటలేదు, కట్టుబాటు కట్టుబాటే. ఒడ్డున ఎండిపోయిన నురుగు గీతలు గీతలుగా ఉంది. ఆ గీతలు పట్టుకుని పైకి నడిచాడు. నిరుడే ఎందుకు నడవలేదని తన మీద తనకే విసుగొచ్చింది. నురుగు కనబడితే మంగకాయ అనుకోవడం అతనికీ చిన్ననాటి నుంచి పట్టిన అలవాటే. ఇది మంగకాయ కాదని వాదించాడు గానీ, మరేమిటని వెతకలేదు. మురికినీటి మోరీ వెంట పోతే షెడ్డు వచ్చింది. అక్కడ దారం జాడిస్తూ భద్రమ్మ ఉంది. మగడు పోయాక ఆమె మగ్గం వదిలి షెడ్డులో కూలికి కుదిరింది.

"ఏం దేవులాడుతున్నవ్ మైసన్నా?"

"నురుగు యాడికెల్లి వస్తుందో చూస్తున్న అక్కా."

"నా చేతులు చూడు, తెలుస్తది." ఆమె అరచేతులు చాపింది. తోలు పొరలు పొరలుగా లేచి, వేళ్ల సందుల్లో పచ్చిగా ఉంది. "అన్నం కలుపుకుంటే మంట. పీపా మందు పట్టిన కాడికెల్లి గిట్లనే."

"మిర్గం ముంగట ఏం జేస్తరు ఈడ?"

"ఏముంది, పని బందు వెట్టి తొట్లన్ని ఖాళీ జేస్తం. ఒడిసిన పీపాలను కుంటకు దొర్లించి కడుగుతం. అడుగున గడ్డ కట్టి ఉంటది గదా, ఇసుక ఏసి తోముతం. రెండేండ్లాయె, గట్లనే." చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఆమె కూడా ఆ చేపలు తిన్న మనిషే. "ఓ మైసన్నా," అని మెల్లగా అంది, "మేమేనా?"

"మీరు గాదక్కా. మందు."

ఆ మాట అనుకున్నంత సులువు కాదని కృష్ణయ్య దగ్గరికి పోయాక తెలిసింది. సావుకారి అతన్ని కూర్చోబెట్టాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

"నీ తొట్ల నీళ్లు కుంటల వడుతున్నయ్ సావుకారి."

"పల్లమున్న దిక్కే పోతయ్. నేను మలుపుతలేను గదా."

"చేపలు సస్తున్నయ్."

"నువ్వు మంగకాయ ఏసినవని మీవోళ్లే అంటిరి?"

మైసయ్య నీళ్ల చెంబు కింద పెట్టాడు. కృష్ణయ్యకే మనసు చివుక్కుమన్నట్టుంది, గొంతు తగ్గించాడు.

"చూడు మైసయ్యా. నలభై మగ్గాలు ఈ షెడ్డు మీద నడుస్తున్నయ్. అంతకు ముందు మా ఇండ్లల్ల పూట కూడు లేకుండె, నువ్వు ఎరగనిదా? షెడ్డు మూస్తే నీ చేప కొనేదెవరు? గా నీళ్లు నేను తాగుతలేనా, నా పిల్లలు తాగుతలేరా?"

అది అబద్ధం కాదు. అతనూ తాగుతున్నాడు. పేదవాడి కడుపు నింపే పనే ఇంకో పేదవాడి నీళ్లను చెరిపింది. ఆ మందు తయారుచేసినవాడు, పీపా మీద చదవరాని అక్షరాలు రాసినవాడు, పాత సరుకును వేలంలో వదిలించుకున్నవాడు ఎవరూ ఈ గొడవలో లేరు. వాళ్లు దూరాన ఎక్కడో చల్లగా ఉన్నారు. ఇక్కడ తగాదా పడుతున్నది చేపలవాడూ నేతవాడూ.

మైసయ్య కులం ముందు ఒక్కటే అడిగాడు. మంగకాయకూ నురుగు మందుకూ తేడా అందరి ముందు చూపిస్తాడు. చూపించలేకపోతే ఊరు విడిచిపోతాడు. ఊరు విడుస్తాననేసరికి బాలయ్య కాదనలేకపోయాడు.

బాలయ్య వాకిట్లోనే రెండు కుండలు పెట్టారు. ఒకదానిలో మంగకాయ దంచి కలిపారు. ఇంకోదానిలో పోయడానికి భద్రమ్మ కొంగు కింద చెంబు దాచుకుని షెడ్డు నుంచి మందు తెచ్చింది. కూలి పోతుందని తెలుసు ఆమెకు. చెంబు కింద పెట్టి గోడవార నిలబడింది, పోలేదు. మైసయ్య కుంటలో దిగి పట్టకూడదు కాబట్టి కుర్రాళ్లు పరకలను పట్టుకొచ్చి ఒక్కో కుండలో అయిదేసి వదిలారు. రెండు కుండల్లోనూ ఒకే తెల్లటి నురుగు. రెండింట్లోనూ చేపలు ఒకేలా పైకొచ్చి నోళ్లు తెరిచాయి.

"ఏం తేడా ఉన్నది ఇందుల?" అన్నారెవరో.

"ఇప్పుడు తీసి బాయి నీళ్లల్ల వెయ్యిండ్రి," అన్నాడు మైసయ్య.

వేశారు. ఒక చుట్ట కాల్చేంత సేపు ఎవరూ కదలలేదు. మంగకాయ కుండలోంచి తీసినవాటిలో ఒకటి తోక ఆడించింది. తర్వాత ఇంకొకటి. నాలుగు తేరుకుని అడుక్కి పోయాయి. నురుగు మందులోంచి తీసినవి తేలినవి తేలినట్టే ఉన్నాయి. బాలయ్య ఒకదాన్ని తీసి బొటనవేలితో మొప్ప ఎత్తి చూశాడు. ఎర్రగా ఉండాల్సింది నానిన గుడ్డపేలికలా తెల్లగా పాలిపోయింది. ఒంటి మీది జిగురు వేలికి ఊడివచ్చింది. ఆయన వేలు వాసన చూసుకున్నాడు. రెండు మిర్గాల కూర వాసన అది. వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు.

బాలయ్య పీట వేసుకుని ఎక్కి వల దించాడు. ఈతనార ఎండి బిగుసుకుపోయింది. గోళ్లతో లాభం లేక పంటితో కొరికాడు.

"కట్టేటప్పుడు మస్తు జల్ది కడితివి బాలిగా," అంది ఆయనకంటే పెద్దదైన ఒక ముసలమ్మ.

వల చేతికొచ్చాక మైసయ్య దాన్ని భుజాన వేసుకున్నాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాడు. నడుము నొప్పి తప్ప ఏమీ తెలియలేదు. ఏడాది పోయింది.

కులం అక్కడితో ఆగలేదు. నింద పోయింది గానీ నీళ్లు అట్లాగే ఉన్నాయి కదా. బాలయ్యే ముందుండి కృష్ణయ్యతో మాట్లాడి ఒప్పందం చేశాడు. షెడ్డు నీళ్లు కుంటలో పడకుండా ఉత్తరం వైపు కాలువ తవ్వి చౌటి బీట్లోకి మళ్లించాలి. మనుషులు ముదిరాజులు, పారలు సావుకారివి. తొలి పార మైసయ్య చేత వేయించారు, కులం చేసిన తప్పుకు బదులుగా అదొక మర్యాద. అతనూ వంగి పొద్దు నడినెత్తికొచ్చేదాకా తవ్వాడు. వంగినవాడికి ముందున్న మన్ను తప్ప ఏం కనబడుతుంది? నీళ్లు తాగడానికి నడుమెత్తినప్పుడు వాలు చూశాడు. జీవితమంతా నీళ్ల నడక చూసి బతికిన మనిషి. కాలువ చౌటి బీడు దాటి, బండల పక్క నుంచి జారి, ఎక్కడ ఆగుతుందో ఒక్క చూపులో తెలిసింది. గుర్వయ్య మంద నీళ్లు తాగే దోన అది, బండల మధ్య నీటిగుంట. వేసవిలో అది ఎండితే గొర్రెలకు వేరే దిక్కు లేదు కాబట్టే అతను అమ్రాబాద్ పోతాడు. మిగిలిన ఏడాదంతా ఆ దోనే ఆధారం.

పార కింద పెట్టాడు.

"మామా, గిది గుర్వన్న దోనల కలుస్తది."

"కలిస్తే?" అన్నాడు బాలయ్య. "గొర్లు ఇంకోకాడ తాగుతయ్."

"యాడ తాగుతయ్?"

"అది ఆళ్ల ఫికర్. నీ వల నీకొచ్చె. ఇంకేం గావాలె నీకు?"

"ఆనికి చెప్పినమా? ఒక్క మాట అడిగినమా?"

"మనల్ని అడిగే పోసిండ్రా కుంటల?"

మిగిలినవాళ్లు పారలు ఆపలేదు. మైసయ్యకు వాదించే ఓపిక లేదు. ఎండ, ఆకలి, జారిన భుజం సలుపు. తవ్వుతున్న కాలువకు అడ్డంగా, అప్పుడే తీసిన పచ్చిమన్ను మీద కూర్చున్నాడు. పంతం పట్టి కాదు. నిలబడటం చేతకాలేదు, పక్కకు తప్పుకోవడం మనసొప్పలేదు.

"లెవ్వురా."

"లెవ్వ మామా. నా మీద వెయ్యిండ్రి మన్ను."

తవ్వేవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు విసుక్కున్నాడు. ఒకడు తంబాకు తీశాడు. అంతలో ఎవరు చెప్పారో గుర్వయ్య కర్ర పట్టుకుని వచ్చాడు. కొట్లాటకే వచ్చినట్టున్నాడు. కాలువలో కూర్చున్న మనిషిని చూసి కర్ర కింద పెట్టి పక్కనే చతికిలబడ్డాడు.

"జరుగు జర," అన్నాడు. "నీకొక్కనికే రాసిచ్చిండ్రా ఈ జాగా?"

ఆ రోజు పని ఆగిపోయింది. ఆ కాలువ మళ్లీ తవ్వలేదు. కృష్ణయ్య షెడ్డు వెనకనే ఒక గొయ్యి తీయించి, పీపాలు కుంటలో కడగడం మాన్పించాడు. మొత్తం మీద అదొక్కటే గెలుపు. గొయ్యి వానాకాలం నిండి పొర్లేది, పొర్లింది పల్లానికే పోయేది. భద్రమ్మను వారం రోజులు పనికి రానివ్వలేదు. తర్వాత అంత బాగా దారం జాడించేవాళ్లు దొరక్క సావుకారే పిలిపించాడు. ముదిరాజుల వాడలో మాత్రం, చేతికొచ్చిన పరిష్కారాన్ని గొర్రెల కోసం చెడగొట్టాడని మైసయ్యతో చాలామంది ఏండ్ల తరబడి ముభావంగానే ఉన్నారు. అతను తన పాటికి తాను వంకరగా వల విసురుకుంటూ, దొరికింది అమ్ముకుంటూ గడిపాడు.

చేపలు గుట్టలుగా తేలడం ఆగింది. అందరూ బాగుపడిందనుకున్నారు. మైసయ్య అనుకోలేదు. వలలో పడేవన్నీ ముదురు చేపలే. కోస్తే కొన్నింట్లో గుడ్డు ఉండేది కాదు, మగవాటిలో గుడ్డుకు జీవం పోసే పాలు ఉండేవి కావు. ఒకసారి చేపల శాఖ నుంచి ఎవరో అధికారి వస్తే కోసి చూపించాడు.

"ఈ ఏడు ఎన్ని చచ్చాయి?" అని ఆయన అడిగాడు.

"సస్తలేవు సార్. పుడతలేవు."

చచ్చినవాటికి కాగితంలో గడి ఉంది. పుట్టనివాటికి లేదు. ఆయన గడిలో సున్న వేసుకుని పోయాడు.

1966 శ్రావణంలో ఒక పొద్దున మైసయ్య, యాదలక్ష్మి కుంట తూర్పు మూలన తుంగలో నిలబడి ఉన్నారు. అక్కడ కొర్రమట్టల జంట నాచును గుండ్రంగా పక్కకు నెట్టి గూడు చేసుకుంది. గూడు కాసే కొర్రమట్టను ముదిరాజులు పట్టరు. గుడ్లు పెట్టిన రెండు మూడు రోజులకే పిల్లలు లేవాలి. ఆ తర్వాత ఎర్రటి గుంపుగా నీటిమీద తిరుగుతుంటే తల్లీతండ్రీ కింద నుంచి కాపలా కాస్తాయి. మైసయ్య చూస్తుండగా ఇది ఆరో రోజు. గుడ్లు ఉడికిన నూకల్లా తెల్లబడి, కొన్ని నాచుకు అంటుకుపోయాయి. చేపలు రెండూ గూటి కింద మెల్లగా తిరుగుతూనే ఉన్నాయి. ఒక పక్కకు కప్ప వస్తే మగది చటుక్కున తరిమి మళ్లీ వచ్చి అదే చోట నిలిచింది.

"నడువయ్యా ఇగ," అంది యాదలక్ష్మి. "పిల్లలు రావు. నిన్ననే అంటివి గదా."

"అంటిని."

"మరి? ఎండ వడ్డది. బేరానికి పోవాలె."

"నువ్వు నడువు," అన్నాడు మైసయ్య. "నేను జరసేపు చూసి వస్త."

ఆమె గంప ఎత్తుకుంది. నాలుగడుగులు వేసి, ఏమనుకుందో ఏమో, గంప గట్టు మీద దించి వచ్చి అతని పక్కన మళ్లీ నీళ్లలో నిలబడింది.